సుదర్శన్ వంతు

సుదర్శన్‌కి మంచివాడనిపించుకోవడమంటే ప్రాణం. చిన్నప్పటి నుంచీ అంతే. మహారాష్ట్రలో చంద్రపూర్ ఊళ్లో తుకుం అనే పేటలో వాళ్ల నాన్న బాలకిషన్‌కి స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. సెలవు రోజుల్లో కొడుకును గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే, బేరమాడిన ప్రతి గిరాకీకీ వాడు తల ఊపేసేవాడు. "వీన్ని కూసోబెడితె దుకాణం మునుగుతది" అని తండ్రి పదిమందిలో విసుక్కునేవాడు గాని, "మీ పోరడు బంగారం" అని ఆ పదిమందీ అంటుంటే లోలోపల మురిసిపోయేవాడు. ఆ మాట చెవిన పడని రోజు పిల్లవాడికి అన్నం సహించేది కాదు. మంచిగా ఉండటం వేరు, మంచివాడనిపించుకోవాలనే యావ వేరు. ఆ తేడా తెలియడానికి సుదర్శన్‌కి నలభై దాటాల్సి వచ్చింది.

మరాఠీ బడిలో చదివాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గాని రాయడం మాత్రం రాదు. కాలేజీ అయ్యాక విమానం నడుపుతానని కూర్చున్నాడు. బాలకిషన్ ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు, చివరికి వరోరా రోడ్డులో కొన్న ప్లాటు అమ్మి నాగ్‌పూర్‌లో విమానం నేర్పే క్లబ్బులో చేర్పించాడు. లైసెన్సు వచ్చాక కూడా ఉద్యోగం రాలేదు. కొన్నేళ్లు దుకాణంలోనే గంటెలు, గిన్నెలు తూచాడు. "ఏం పైలట్ సాబ్, కుక్కర్ ఎంత?" అని వీధివాళ్లు ఆటపట్టిస్తుంటే పళ్లు బిగబట్టి నవ్వేవాడు. ఆఖరికి ఒక చిన్న విమానాల కంపెనీ పిలిచింది. రెక్కలకు పంకాలుండే విమానాలు, హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, రాయ్‌పూర్, నాసిక్ తిరిగేవి. కోపైలట్‌గా కుడివైపు సీట్లో చేరి, ఏళ్ల తరబడి తిరిగి, ఎడమవైపు కెప్టెన్ సీట్లోకి మారాడు. భుజం మీద నాలుగు పట్టీలు వచ్చాయి. ఆ రోజు బాలకిషన్ వీధంతా దూద్‌పేడాలు పంచాడు. ఆ తర్వాత రెండేళ్లకే పోయాడు. దుకాణం అద్దెకిచ్చినా సుదర్శన్ తుకుం వదల్లేదు. భార్య ప్రతిభ ఇక్కడే బడిలో టీచరు. డ్యూటీ ఉన్నప్పుడు రైలెక్కి హైదరాబాద్ వెళ్తాడు, సెలవు దొరికితే వచ్చేస్తాడు.

ఆ కంపెనీలో జిల్లావాడు ఇంకొకడు ఉన్నాడు. పేరు అక్షయ్. రాజూరా దాటాక తెలంగాణ సరిహద్దులో వాళ్ల పల్లె. పత్తి, మిర్చి పండించే ఇల్లు. తండ్రి లేడు. తల్లి వెంకటమ్మ ఒక్కతే వ్యవసాయం నెట్టుకొచ్చి, ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు మీద కొడుకును పైలట్‌ను చేసింది. చేరిన మొదటి రోజు అక్షయ్ తన సామాను కూడా కింద పెట్టకుండా సుదర్శన్ దగ్గరికి వచ్చి, "అన్నా, మీది చాందా అంట గద?" అన్నాడు. చంద్రపూర్‌ని చాందా అనే మనిషి కనబడగానే సుదర్శన్‌కి సగం ఊరు ఎదురొచ్చినట్టయింది. అప్పటి నుంచి వాళ్లు అన్నదమ్ములే. ఒకే విమానంలో డ్యూటీ పడితే సుదర్శన్ ఎడమవైపు, అక్షయ్ కుడివైపు కూర్చుని, వార్ధా నది మీదుగా పోయేటప్పుడు కిందికి చూసి ఎవరి ఊరు ఎక్కడుందో పందెం వేసుకునేవారు.

పైలట్ల సంఘానికి కార్యదర్శి కావాలంటే అందరూ సుదర్శన్ పేరే చెప్పారు. ఎవరికీ కాదనడు, ఎవరితోనూ గొడవ పడడు, ఇంకేం కావాలి? కరోనా వచ్చి విమానాలు నేల మీద నిలబడిపోయినప్పుడు ఆ కార్యదర్శి పదవి విలువేమిటో తెలిసింది. మూడోవంతు మందిని తీసేస్తామంది కంపెనీ. సంఘం ఒప్పుకోలేదు. ఎవరినీ తీయొద్దు, అందరం వంతులవారీగా ఆర్నెల్లు జీతం లేకుండా ఇంట్లో కూర్చుంటాం అంది. పొలంలో నీళ్ల వంతు ఉన్నట్టు, వీళ్లకు ఇంట్లో కూర్చునే వంతు అన్నమాట. ఆ రోజు ఫోన్ మీటింగులో ఎవరో అడిగారు, ఇంట్లో కూర్చుంటే మా నంబరు పోదా అని.

పైలట్లకు ఈ నంబరే సర్వస్వం. కంపెనీలో ఎవరు ముందు చేరారో, ఎవరు వెనక చేరారో చెప్పే వరుస అది. కెప్టెన్ అయ్యేది ఆ వరుసను బట్టే, పండక్కి సెలవు దొరికేది ఆ వరుసను బట్టే, ఉద్యోగాలు ఊడితే ముందు ఎవరిది ఊడాలో తేలేది కూడా ఆ వరుసను బట్టే. ఎంత బాగా నడిపినా వరుసలో ముందున్నవాణ్ని దాటి పోలేరు. అందుకే ఆ రోజు సుదర్శన్ గొంతు పెంచి చెప్పాడు. "ఎవ్వరి నంబరు పోదు. ఇంట్లో కూర్చున్నా వరుసలో ఎవరి జాగా వాళ్లదే. ఇది సంఘం ఇస్తున్న మాట." ఫోన్లలోంచి చప్పట్లు వినబడ్డాయి. సుదర్శన్‌కి ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

అక్షయ్ తన వంతు ఆర్నెల్లు పల్లెలో కూర్చుని వచ్చాడు. తర్వాత సుదర్శన్ వంతు. సరిగ్గా అప్పుడే ప్రతిభకు నెలలు నిండకముందే రక్తపోటు పెరిగింది. మంచం దిగొద్దన్నారు, నాగ్‌పూర్‌లో పెద్దాసుపత్రిలో చూపించుకోవాలన్నారు. జీతం లేని సెలవులో కూర్చుంటే కంపెనీ ఇచ్చే ఆసుపత్రి బీమా కూడా ఆగిపోతుంది. సుదర్శన్ ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడం అతనికి చేతకాదు. మొహం వేలాడేసుకుని తిరుగుతుంటే అక్షయే కనిపెట్టాడు.

"అన్నా, నీ వంతు గూడ నేనే కూసుంట" అన్నాడు, చాయ్ నేను తెస్తా అన్నంత తేలిగ్గా. "నాకేమున్నది, పెండ్లమా పిల్లలా? అమ్మతోని మిర్పతోటకు పోత. వదినెను మంచిగ చూసుకో."

అలా వాడు రెండు వంతులు కూర్చున్నాడు. తన తోటివాళ్లు మళ్లీ ఎగురుతుంటే వాడు మిరప మొక్కలకు నీళ్లు పెట్టాడు. నాగ్‌పూర్ ఆసుపత్రిలో కూతురు ఆశ పుట్టింది, తల్లీబిడ్డ క్షేమం. అక్షయ్ ఆ సంగతి తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. సుదర్శనే నలుగురిలో ఎత్తేవాడు. "నా బిడ్డ ఇయ్యాల నవ్వుతుందంటే అక్షయ్ పుణ్యమే" అనేవాడు. అందరూ అక్షయ్‌ని మెచ్చుకుని, ఆ మేలు మరిచిపోనందుకు సుదర్శన్‌ని కూడా మెచ్చుకునేవారు.

ఆశ బడికి పోయే వయసొచ్చేసరికి ఆ చిన్న కంపెనీని ఒక పెద్ద కంపెనీ కలిపేసుకుంది. విమానాల తోకల మీద రంగు మార్చడానికి ఎంతోకాలం పట్టలేదు. రెండు కంపెనీల పైలట్లను ఒకే వరుసలో నిలబెట్టడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. మావాళ్లు ముందంటే మావాళ్లు ముందని రెండు సంఘాలూ పట్టుబట్టాయి. కలిసిన కంపెనీకి అంతమంది కెప్టెన్లు అక్కర్లేదు. కొత్త వరుసలో ఒకచోట గీత గీస్తారు. గీతకు పైనున్నవాళ్లు కెప్టెన్లు. కింద పడ్డవాళ్లు భుజం మీది పట్టీ ఒకటి తీసేసి మళ్లీ కుడివైపు సీట్లో కూర్చోవాలి. వరుస చివరనున్న కోపైలట్ల గతి మరీ అన్యాయం. కొత్త విమానాలొచ్చేదాకా ఇంటికి పొండి, కబురు చేస్తాం అంటారు. ఆ కబురు ఎప్పుడొస్తుందో చెప్పేవాడుండడు.

రెండు సంఘాలకూ మధ్యవర్తిగా ఒక రిటైరైన జడ్జిని పెట్టుకున్నారు. మీటింగులు నాగ్‌పూర్‌లో ఒక హోటల్లో. చిన్న సంఘం తరఫున సుదర్శన్, అతనికి తోడుగా సంఘం కాగితాలు చూసే మారుతి అనే కుర్రాడు వెళ్లారు. మారుతి కరోనా తర్వాత చేరినవాడు, పాత సంగతులు విన్నవే తప్ప చూసినవి కావు. అవతలి సంఘం నాయకుడు తెల్లమీసాల ఢిల్లీ కెప్టెన్. మొదటి రోజు పొద్దంతా వాదించి ఆయన ఒక మెట్టు దిగాడు. "సరే, మీవాళ్లకు కూడా చేరిన రోజు నుంచే లెక్కపెడదాం. కాని జీతం లేకుండా ఇంట్లో కూర్చున్న రోజులు మాత్రం తీసెయ్యాలి. ఎగరని రోజులకు సీనియారిటీ ఏమిటి?"

జడ్జి టీ కోసం లేద్దామన్నాడు. ఆ టీ సమయంలో సుదర్శన్ కిటికీ దగ్గర నిలబడి లెక్క వేసుకున్నాడు. ఎవరికి చెప్పినా చెప్పకపోయినా ఆ లెక్క వేసిన సంగతి అతనికి తెలుసు. కూర్చున్న రోజులు తీసేస్తే చిన్న కంపెనీలో కరోనా నాటికి ఉన్న ప్రతివాడికీ ఆర్నెల్లు పోతాయి. ఒక్క సుదర్శన్‌కే ఏమీ పోదు, ఎందుకంటే అతను ఒక్కరోజు కూడా కూర్చోలేదు. గీతకు కాస్త పైన పడతాడు, కెప్టెన్‌గానే ఉంటాడు. తీసెయ్యకపోతే గీతకు కింద పడతాడు. ఇక అక్షయ్‌కి ఏడాది పోతుంది. ఏడాది పోతే వాడు వరుసలో జారి జారి, ఇంటికి పొమ్మనే గుంపులో పడతాడు. చేతిలో టీ చల్లారిపోయింది. లెక్క సరిగ్గానే వచ్చింది.

తిరిగి కూర్చున్నాక జడ్జి అడిగాడు. "ఇంట్లో కూర్చున్నవాళ్ల వరుస చెడదని మీ సంఘం అప్పట్లో మాటేమైనా ఇచ్చిందా?"

"అలాంటి మాటేదీ ఇవ్వలేదండీ" అన్నాడు సుదర్శన్.

పక్కనుంచి మారుతి మెల్లగా చెవిలో అన్నాడు. "మరి అక్షయ్ అన్న సంగతి? ఆయన రెండు వంతులు కూర్చున్నారంటారు కదా."

"అక్షయ్ నా మనిషి. నేను చూసుకుంట" అన్నాడు సుదర్శన్. ఆ మాటకు మారుతి తృప్తిపడ్డాడు. సుదర్శన్ నోటివెంట వచ్చాక ఎవరైనా తృప్తిపడాల్సిందే.

గిరాకీ మెట్లు దిగి పోబోతుంటే బాలకిషన్ ఒక స్టీలు గ్లాసు కొసరుగా పైన పడేసి బేరం తెంపేవాడు. తానూ అదే చేశానని, ఏదో ఒకటి వదులుకోకపోతే పని జరగదని సుదర్శన్ తనకు తాను చెప్పుకున్నాడు. సంఘంలో మిగతావాళ్లకూ అదే చెప్పాడు. ఆర్నెల్లు పోతే పోయాయి, చేరిన తేదీ దక్కింది కదా అన్నాడు. వాళ్లు నమ్మారు. కాని బాలకిషన్ పడేసిన గ్లాసు బాలకిషన్ దుకాణంలోది. సుదర్శన్ పడేసింది అక్షయ్‌ది. అక్కడికి వచ్చేసరికి ఆ సమర్థింపు నిలబడేది కాదు.

అక్షయ్ ఫోన్ చేసి తన నంబరు సంగతి అడిగాడు. సంతకాలు ఇంకా కాలేదు, ఆఖరి మీటింగు ఉంది, నీ సంగతి మాట్లాడుతున్నాను అని సుదర్శన్ చెప్పాడు. అది రెండో అబద్ధం. మూడోది అంతకన్నా తేలిగ్గా వస్తుందని అతనికి అప్పటికే అర్థమైంది, అదే భయంగా ఉంది.

ఆఖరి మీటింగు ముందరి ఆదివారం వెంకటమ్మ కళ్లు చూపించుకోవడానికి కొడుకును వెంటబెట్టుకుని చంద్రపూర్ వచ్చింది. ఆసుపత్రి పని చూసుకుని నేరుగా తుకుం వచ్చారు. కొత్త కందిపప్పు, ఎండుమిర్చి రెండు సంచులు తెచ్చింది. వాకిట్లో అడుగు పెడుతూనే సుదర్శన్ రెండు చేతులూ పట్టుకుంది.

"నా కొడుకు దిక్కు నువ్వు కొట్లాడుతున్నవంట గద బిడ్డా. నీ కడుపు సల్లగుండ. తండ్రి లేనోనికి నువ్వే పెద్దదిక్కు."

ఆ చేతులు గరుగ్గా ఉన్నాయి. సుదర్శన్‌కి తన చేతులు లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. "గదేంది పెద్దమ్మా, గిదో పెద్ద పనా" అన్నాడు. ఆ మాట అన్నందుకు తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

ఆశ పరుగెత్తుకొచ్చి అక్షయ్ కాళ్లకు చుట్టుకుంది. "అక్షయ్ కాకా, మలా ఉచల్ నా!" అని, ఎత్తుకోమంటూ చేతులు చాపింది. బడిలో అంతా మరాఠీ కావడంతో దానికి గారాం వచ్చినప్పుడు మరాఠీయే వస్తుంది. అక్షయ్ దాన్ని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుని, నోటితో పంకాల చప్పుడు చేస్తూ వసారా అంతా తిప్పాడు. ప్రతిభ వంటింట్లోంచి చూసి నవ్వింది. అన్నాల దగ్గర ఆమే అడిగింది.

"ఏమంటున్నరు అక్షయ్, మీ కొత్త కంపెనీలోల్లు?"

"ఏమంటరు వదినా, ఇంటికి పో అంటున్నరు." అక్షయ్ నవ్వేశాడు. "నాకేం ఫికర్ లేదు. మంది ఏదేదో అంటున్నరు, సుదర్శన్ సాబ్ మనల్ని అమ్ముకున్నడని గూడ ఒకడన్నడు. వాని కాలర్ వట్టుకున్న. మా అన్న గురించి నీకేం తెలుసురా అన్న."

సుదర్శన్ చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. నీళ్లు తాగాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. అక్కడే చెప్పేస్తే సరిపోయేది. తల్లి ఉంది, భార్య ఉంది, పిల్ల ఉంది, అక్షయ్ పళ్లెంలో ఇంకా అన్నం ఉంది. ఇంతమందిలో ఎట్లా చెప్పేది అనుకున్నాడు. మనిషి ఒంటరిగా దొరికితే ఇంకో సాకు దొరికేదని అతనికీ తెలుసు.

వాళ్లు వెళ్లాక ప్రతిభ కందిపప్పు డబ్బాలోకి పోస్తూ అంది. "నా కోసం కూసున్న ఆర్నెల్లు గూడ తీసేస్తున్నరా? నువ్వు చెప్పినవా లేదా జడ్జికి?"

"చెప్పిన."

"మరి పానం బాగలేనోని లెక్క ఎందుకున్నవ్?"

"ఏం లే. ఎండకు తిరిగిన."

ప్రతిభ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని సుదర్శన్‌కి అనిపించింది. ఆమె నమ్మింది. తనచుట్టూ అందరూ నమ్మేవాళ్లే ఉండటం అంత నరకమని అతను ఎన్నడూ అనుకోలేదు.

తెల్లారి నాగ్‌పూర్ రైలెక్కాడు. వరోరా దాటేదాకా ఒక నిర్ణయం, దాటాక ఒక నిర్ణయం. చెబితే నాలుగు పట్టీల్లో ఒకటి ఊడుతుంది. తనకన్నా చిన్నవాళ్లు ఎడమవైపు సీట్లో కూర్చుని తనకు పని చెబుతారు. తుకుంలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? చెప్పకపోతే అక్షయ్ మళ్లీ మిరపతోటకు పోతాడు. ఈసారి ఎవరి వంతూ కాదు, ఎప్పుడు తిరిగొస్తాడో కూడా తెలీదు. పోనీ తర్వాత ఎక్కడైనా వాడికి ఉద్యోగం చూసిపెడదాం అనుకున్నాడు. అనుకుని తనమీద తనే ఉమ్మేసుకోవాలన్నంత కోపం తెచ్చుకున్నాడు. ఆ పిల్ల చేతులు చాపి "కాకా" అన్న గొంతే చెవుల్లో ఉంది. ఆ గొంతు ఈ భూమ్మీద ఉండటానికి వాడు ఇంకో ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఆర్నెల్లనే తను బేరంలో పైన పడేశాడు.

హోటల్లో అందరూ కొత్త చొక్కాలు వేసుకుని వచ్చారు. ఆ రోజు సంతకాలు. తెల్లమీసాల కెప్టెన్ అప్పటికే పెన్ను మూత తీశాడు. ఎవరికైనా ఇంకేమైనా చెప్పేది ఉందా అని జడ్జి లాంఛనంగా అడిగాడు. సుదర్శన్ కాళ్లు అతన్ని అడక్కుండానే లేచి నిలబడ్డాయి.

"ఉందండీ. ఇంట్లో కూర్చున్నవాళ్ల వరుస చెడదని మా సంఘం మాట ఇచ్చింది. ఇచ్చింది నేనే. ఆ రోజు మీరడిగినప్పుడు..." మారుతి తలెత్తి చూశాడు. "ఆ రోజు నాకు గుర్తు రాలేదు."

అవతలివాళ్లు గోల చేశారు. ఇప్పుడా చెప్పేది అని అరిచారు. జడ్జి చేత్తో ఆపి తెల్లమీసాల కెప్టెన్‌ని ఒకే ఒక మాట అడిగాడు. కరోనాలో మీవాళ్లు కూడా కొందరు ఇంట్లో కూర్చున్నారు కదా, వాళ్ల రోజులు తీసేశారా? ఆయన పక్కవాళ్ల వైపు చూశాడు. పక్కవాళ్లు బల్ల వైపు చూశారు. తీసెయ్యలేదు. ఇక వాదన ఏముంది? సాయంత్రానికి ఆ షరతు కొట్టేశారు. ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే సుదర్శన్ అడగాల్సింది. అడిగి ఉంటే అప్పుడే గెలిచేవాళ్లు. ఆ రోజు ఆ ప్రశ్న తనకు తట్టలేదా, తట్టినా నోట్లోనే నొక్కేశాడా? ఎంత తరచి చూసుకున్నా అతనికి తేలలేదు. తేలకపోవడమే ఎక్కువ గుచ్చింది.

అక్షయ్ నంబరు నిలబడింది, ఉద్యోగం నిలబడింది. సుదర్శన్ గీతకు కింద పడ్డాడు. వచ్చే నెల నుంచి మూడు పట్టీలు, కుడివైపు సీటు. ఆ శిక్ష పడ్డందుకు అతనికి హాయిగానే అనిపించింది. కాని ఆ హాయి రైలెక్కేదాకా కూడా నిలవలేదు. మారుతి అప్పటికే అందరికీ చెప్పేశాడు. తన కుర్చీ పోతుందని తెలిసి కూడా తోటివాళ్ల కోసం లేచి నిలబడ్డాడు, మనిషంటే ఇతనూ అని. ఫోన్ ఆగకుండా మోగింది. దండాలు, పొగడ్తలు. నిన్నమొన్నటిదాకా అమ్ముకున్నాడన్నవాడు కూడా క్షమించమని మెసేజ్ పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక సుదర్శన్‌కి ఇంత మంచిపేరు ఎప్పుడూ రాలేదు. అది చేసిన తప్పులోంచి వచ్చింది.

చివరికి అక్షయ్ ఫోన్. వాడు ఏడుస్తున్నాడు. "అన్నా, నీ కుర్సీ ఇడిసిపెట్టుకున్నవా నా కోసం? నీ కాళ్లు మొక్కుత అన్నా."

సుదర్శన్ ఫోన్ పెట్టేశాడు. ఇక భరించడం తన వల్ల కాదనుకున్నాడు.

మర్నాడు కారు తీసుకుని ఒక్కడే బయల్దేరాడు. రాజూరా దాటాక సిమెంటు లారీల వెనక దుమ్ములో పడి, మధ్యాహ్నానికి పల్లె చేరాడు. ఇంటి వెనక కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరచి ఉన్నాయి. వెంకటమ్మ చేట ముందు పెట్టుకుని తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. అక్షయ్ పరుగున వచ్చి కౌగిలించుకున్నాడు. సుదర్శన్ చేతులు పక్కనే వేలాడాయి.

"చెప్పేదుంది, కూసో" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాడు. టీ సమయంలో వేసిన లెక్క చెప్పాడు. జడ్జి అడిగితే లేదన్నది చెప్పాడు. గుర్తు రాలేదన్నది కూడా అబద్ధమేనని చెప్పాడు. ఒక్కటి కూడా దాచుకోలేదు. దార్లో ఎన్నో సర్దుబాటు మాటలు కూడబెట్టుకున్నాడు గాని, మిర్చి ఘాటుకో మరెందుకో కళ్లు మండి, ఒక్కటీ నోటికి రాలేదు.

అక్షయ్ ముందున్న మిరపకాయ ఒకటి తీసి తొడిమ తుంచాడు.

"నంబరు పోదని నీ నోటితోనే చెప్పినవ్" అన్నాడు తర్వాత.

"ఔ."

"నేనొకని కాలర్ వట్టుకున్న అన్నా. వాడు చెప్పిందే నిజమా?"

"ఔ."

"మరి ఇప్పుడు నాకెందుకు చెప్తున్నవ్? పని అయిపోయింది గద. నాకు తెల్వకుంటే ఏమయితుండె?"

"అందరు పొగుడుతున్నరు అక్షయ్. నువ్వు కాళ్లు మొక్కుత అంటున్నవ్. తట్టుకోలేక వచ్చిన."

"అంటే నీ బరువు తెచ్చి నా నెత్తి మీద వెడుతున్నవ్." అక్షయ్ లేచాడు. గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. "నాకు పొద్దటిదాక ఒక అన్న ఉండె." అంతే అని, కల్లం దాటి తోటలోకి నడిచి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని సుదర్శన్ చూశాడు. చూడలేదు.

వెంకటమ్మ చేట పక్కన పెట్టింది. తిడుతుందని సుదర్శన్ ఎదురుచూశాడు. తిడితే పడటానికే వచ్చాడు. ఆమె తిట్టలేదు. అర్థంకాని సంగతి ఏదో అడిగి తెలుసుకుంటున్నట్టు అడిగింది.

"అడుగుతే ఇయ్యకపోవునా బిడ్డా? ఆర్నెల్లు నువ్వు అడగకముందే ఇచ్చిండు. నా కుర్సీ పోతది అక్షయ్, ఇంక కొన్నొద్దులు ఇంట్ల కూసో అంటే, కూసోకపోవునా? నువ్వడుగుతే వాడు ఎన్నడన్న కాదన్నడా?"

"కాదనకపోవు పెద్దమ్మా. అడుగుతే ఇస్తడని నాకు ఎరుకే."

"మరెందుకు అడగకపోతివి?"

ఈ ప్రశ్నకు దార్లో జవాబు సిద్ధం చేసుకోలేదు. అందుకే ఉన్నదే వచ్చింది.

"ఇస్తడని ఎరుకయ్యే అడగలే పెద్దమ్మా. అడిగి తీసుకుంటే మీ ముందట బతికినంత కాలం తలకాయ వంచుకొని ఉండాలె. దొంగతనం జేస్తే ఎవరికి తెల్వది, మీ ఇంట్ల నేను పెద్దదిక్కు లెక్కనే ఉంట అనుకున్న."

వెంకటమ్మ మళ్లీ చేట ఒళ్లోకి లాక్కుని కాయలు ఏరడం మొదలుపెట్టింది. పొమ్మనలేదు, ఉండమనలేదు. సుదర్శన్ ఆమె ఎదుట తలకాయ వంచుకుని కూర్చున్నాడు.